మతిమరుపు మిక్సరుకు మందు

తిరునాళ్లలో నాటకానికో, పెళ్లిలో పాటకచేరికో వెళ్లినప్పుడు మన చూపంతా వేదిక మీదే ఉంటుంది. ఈసారి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మైకు సెట్టు వాళ్ల బల్లమీద వరుసలు వరుసలుగా బొత్తాలూ, పైకీ కిందికీ జరిగే మీటలూ ఉన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. దాని పేరు మిక్సరు. తబలా మోత ఎక్కువై గాయకుడి గొంతు వినబడకపోతే, దాని ముందు కూర్చున్న మనిషి ఒక మీటను కాస్త కిందికి, ఇంకొక మీటను కాస్త పైకి జరుపుతాడు. వెంటనే అంతా సర్దుకుంటుంది. ఆ మీటలను ఫేడర్లు అంటారు.

పాత మిక్సర్లలో మైకునుంచి వచ్చిన విద్యుత్తే తీగల వెంట నడిచి, ఫేడరు దగ్గర తగ్గి, పెరిగి, చివరకు స్పీకరుకు చేరేది. 1980ల తొలి ఏళ్లలో ఇంగ్లండులో నీవ్ అనే సంస్థ శబ్దాన్ని అంకెలుగా మార్చి కలిపే పెద్ద మిక్సరును తయారుచేసింది. 1987లో జపానుకు చెందిన యమహా డి.ఎం.పి.-7 అనే చిన్న డిజిటల్ మిక్సరును, 1995లో 02ఆర్ అనే మరింత పెద్దదాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. వీటి కడుపులో కంప్యూటరు ఉంటుంది.

ఇప్పుడు ఆ తరం యంత్రాలకు వయసు మీరింది. కొన్ని దీపాలు వెలుగుతాయి గాని పలకవు. కొన్ని పలుకుతాయి గాని నిన్న పెట్టిన అమరికను ఈ రోజుకు మరచిపోతాయి. చాలామంది వీటిని పాత సామాన్ల కొట్టుకు తూకానికి వేసేస్తారు. కాని లోపల వందలాది భాగాలు చక్కగానే ఉండి, చెడిపోయింది రెండో మూడో కావచ్చు. వాటిని కనిపెట్టి కంప్యూటరును మళ్లీ బతికించడం ఎలాగో చూద్దాం. ఇందులో ఉన్నదంతా మీరు బడిలో చదువుకునే భౌతిక, రసాయన శాస్త్రాలే.

అంకెలుగా మారిన పాట

శబ్దమంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు. మైకు వాటిని వోల్టేజి హెచ్చుతగ్గులుగా మారుస్తుంది. డిజిటల్ మిక్సరు ఆ వోల్టేజిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. 16 బిట్ల యంత్రమైతే ఆ అంకె 65,536 మెట్లలో ఏదో ఒకటి అవుతుంది.

అంకెలైపోయాక కలపడం మనకు తెలిసిన లెక్కే. గాయకుడి మైకు నుంచి 200, వీణ మైకు నుంచి 100 వచ్చాయనుకోండి. గాయకుడి ఫేడరు పూర్తిగా పైన, వీణది సగం స్థాయిలో ఉన్నాయి. అప్పుడు 200ను 1తో, 100ను సగంతో గుణించి కూడితే 250. స్పీకరుకు వెళ్లేది అదే. గుణకారం, కూడిక, అంతే! అయితే 24 మైకులుంటే ఫేడర్ల కోసమే సెకనుకు 11,52,000 గుణకారాలు చేయాలి. ఎక్కడా ఆగకూడదు. ఒక్క క్షణం ఆలస్యమైనా స్పీకరులో టప్పుమని మోత వినిపిస్తుంది.

మేస్త్రి, కూలీలు

ఈ గుణకారాలను చేయడానికే ప్రత్యేకమైన చిప్పులుంటాయి. అవి ఇటుకలు మోసే కూలీల వంటివి. చేతిలో పని పెడితే చాలు, అలుపు లేకుండా చేస్తూనే ఉంటాయి. కాని ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో చెప్పేది మేస్త్రి కదా! మిక్సరులో ఆ మేస్త్రి పని వేరొక కంప్యూటరుది. ఏ ఫేడరు ఎంత ఎత్తులో ఉందో అది గమనిస్తుంది. తెరమీద బొమ్మ వేస్తుంది. ఒక కచేరికి సరిపడే అమరికనంతా దాచిపెట్టి, మళ్లీ అడిగినప్పుడు తెచ్చిస్తుంది. పొద్దున్నే స్విచ్చి వేయగానే కూలీ చిప్పులకు పని అప్పగించేది కూడా అదే.

అందువల్ల మేస్త్రికి జబ్బు చేస్తే, కూలీలు ఆరోగ్యంగా ఉన్నా పని సాగదు. పాత డిజిటల్ మిక్సరు మూగపోయిందంటే శబ్దాన్ని మోసే భాగాలు చెడ్డాయని వెంటనే అనుకోకూడదు. ముందు మేస్త్రి నాడి చూడాలి.

పలకా, శాసనమా?

కంప్యూటరుకు జ్ఞాపకం రెండు రకాలు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉండేవి. పలకమీద రాయవచ్చు, తుడవవచ్చు, మళ్లీ రాయవచ్చు. గుడి ముందు రాతి శాసనం అలా కాదు. ఒకసారి చెక్కితే అది అలాగే ఉంటుంది.

కంప్యూటరులో పలక వంటిది ర్యామ్. శాసనం వంటిది రామ్. పేర్లు దగ్గరగా ఉన్నాయి, తడబడకండి. ఈ వ్యాసంలో మాత్రం వాటిని పలక జ్ఞాపకం, శాసన జ్ఞాపకం అనుకుందాం. మిక్సరు ఎలా పనిచేయాలో చెప్పే ప్రోగ్రాము శాసన జ్ఞాపకంలో ఉంటుంది. నిన్నటి కచేరి అమరికలు పలక జ్ఞాపకంలో ఉంటాయి.

ఈ పలకకు ఒక బలహీనత ఉంది. కరెంటు పోతే రాసిందంతా చెరిగిపోతుంది. పాతకాలపు కంప్యూటర్లకు ఈ బెడద లేదు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసింది. ఆ తరం కంప్యూటర్లలో జ్ఞాపకమంటే ఫెరైటుతో చేసిన బుల్లి బుల్లి ఉంగరాలు. ఉంగరంలో అయస్కాంతత్వం ఒక దిక్కున తిరిగితే 1, రెండో దిక్కున తిరిగితే 0. కరెంటు పోయినా అయస్కాంతత్వం పోదు. తరువాత వచ్చిన సిలికాన్ చిప్పులు చవక, చిన్నవి, వేగవంతమైనవి. కాని మతిమరుపు జబ్బు వాటితోపాటే వచ్చింది.

బిళ్ల బ్యాటరీ లెక్క

దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. స్విచ్చి ఆపినప్పుడు పలక జ్ఞాపకానికి ప్రాణం నిలపడానికి బోర్డుమీద ఒక చిన్న లిథియం బ్యాటరీ పెట్టారు. రూపాయి బిళ్లలా గుండ్రంగా, 3 వోల్టులది. ఈ రకంలో బాగా వాడుకలో ఉన్న సి.ఆర్.2032 అనే బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానిలో సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు ఉంటుంది.

నిద్రలో ఉన్న జ్ఞాపకం చిప్పు 3 మైక్రో ఆంపియర్లు, అంటే 0.003 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుందాం. 220ని 0.003తో భాగిస్తే 73,000 గంటలకు పైగా వస్తుంది. ఏళ్లలోకి మార్చి చూడండి. ఎనిమిదేళ్లకు కొంచెం ఎక్కువ! అందుకే అంతా బాగున్న మిక్సరు కూడా కొన్నేళ్లకు హఠాత్తుగా మతిమరుపుది అవుతుంది. అది పెద్ద జబ్బు కాదు, బిళ్ల అయిపోయింది, అంతే.

అలాగని చటుక్కున బిళ్ల పీకేయకూడదు. చాలా జ్ఞాపకం చిప్పులు 2 వోల్టుల దాకా పట్టు వదలవు. బిళ్లలో ఇంకా రెండున్నర వోల్టులు ఉంటే లోపలి అమరికలు ఇంకా బతికే ఉండవచ్చు. పీకిన మరుక్షణం అవి పోతాయి. ఇక్కడే ఈ పని మొత్తానికీ ముఖ్యమైన సూత్రం ఉంది.

ముందు నకలు, తరువాత మరమ్మతు

ఫ్యూజు పోతే ఫ్యూజు దొరుకుతుంది. బ్యాటరీ పోతే బ్యాటరీ దొరుకుతుంది. ఫేడరు అరిగితే అదే కొలతలున్నది వెతికి వేయవచ్చు. కాని లోపలున్న ప్రోగ్రాము పోతే? దాన్ని రాసిన సంస్థ మూతపడి ఉండవచ్చు, ఆ మోడలును ఏనాడో వదిలేసి ఉండవచ్చు. మరొక చోట నకలు లేకపోతే అది లోకంలోనే లేకుండా పోయినట్టే. అప్పుడు భాగాలన్నీ కొత్తవి వేసినా మిక్సరు ఇనుప పెట్టెగానే మిగులుతుంది. కనుక స్క్రూడ్రైవరుకన్నా ముందు నకలు గురించి ఆలోచించాలి.

శాసన జ్ఞాపకం చిప్పుల్లో ఈప్రామ్ అనే రకం ఉంది. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ దీన్ని కనిపెట్టారు. చిప్పు నడినెత్తిన గాజులాంటి క్వార్ట్‌జ్ కిటికీ ఉంటుంది. లోపల ఒక్కొక్క బిట్టుకూ ఒక్కొక్క చిన్న గది. దాని చుట్టూ విద్యుత్ బంధకం ఉంటుంది కాబట్టి, గదిలో బంధించిన ఎలక్ట్రాన్లు బయటికి రాలేవు. ఎలక్ట్రాన్లుంటే 0, లేకపోతే 1. కిటికీలోంచి అతినీలలోహిత కిరణాలు పడితే ఎలక్ట్రాన్లకు శక్తి వచ్చి గోడ దూకి పారిపోతాయి. రాసింది చెరిగిపోతుంది. అందుకే ఆ కిటికీమీద కాగితం చీటీ అంటించి ఉంటుంది. దాన్ని ఊడబెరకకూడదు!

చీటీ ఉన్నా ఎలక్ట్రాన్లు ఏళ్ల తరబడి ఒకటొకటిగా జారిపోతూనే ఉంటాయి. శాసనమే అయినా ఇది ఇసుకరాతి శాసనం. కనుక ఆ చిప్పును జాగ్రత్తగా బయటికి తీసి, చదివే పరికరంలో పెట్టి, లోపలి అంకెలన్నీ మరొక కంప్యూటరులో భద్రం చేస్తారు. ఒకసారి కాదు, మూడుసార్లు చదివి మూడూ ఒకటేనా అని చూస్తారు. తేడా వచ్చిందంటే ఏదో బిట్టు ఊగిసలాడుతోందన్నమాట.

కొన్ని పెద్ద మిక్సర్లలో మామూలు కంప్యూటరులో ఉండే హార్డ్ డిస్కే ఉంటుంది. అది గిరగిరా తిరిగే వస్తువు కనుక అరుగుతుంది. దాన్ని కూడా ముందు అక్షరం పొల్లుపోకుండా నకలు తీస్తారు. ఆ నకలును కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులోకి ఎక్కించి పాత డిస్కు స్థానంలో పెట్టవచ్చు. పాత ఐ.డి.ఇ. డిస్కు మాట్లాడే భాషనే ఈ కార్డు కూడా మాట్లాడుతుంది. తిరిగే భాగాలు దానిలో లేవు. ఫ్లాపీల సంగతీ ఇంతే. 1.44 మెగాబైట్ల ఫ్లాపీల అమ్మకాన్ని సోనీ సంస్థ జపానులో 2011లో ఆపేసింది. ఉన్న ఫ్లాపీలమీది అయస్కాంత పూత ఏటికేడు బలహీనపడుతోంది. ఇప్పుడు తీయని నకలు రేపు దొరకదు.

పూడిపోయిన చెరువు

ఇక కరెంటు సంగతి. కంప్యూటరు చిప్పులకు కదలని, మెదలని 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి. చాలా పాత చిప్పులకు 4.75కు తగ్గకూడదు, 5.25 దాటకూడదు. గోడ ప్లగ్గులో దొరికేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దాన్ని డయోడ్లతో ఒకే దిక్కుకు తిప్పినా, అది సెకనుకు వంద పోట్లుగా వస్తుంది. పోటుకూ పోటుకూ నడుమ ఏమీ ఉండదు.

మన కంభం చెరువును తలచుకోండి. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మ నీటిని నిలిపారు. వాన ఏడాదికి కొద్ది రోజులే కురుస్తుంది. కాని తూములోంచి పొలానికి నీరు నెలల తరబడి సన్నగా పారుతుంది. కెపాసిటరు చేసే పని సరిగ్గా ఇదే. పోటు వచ్చినప్పుడు నిండుతుంది, పోటు లేనప్పుడు నిలవలోంచి ఇస్తుంది.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరులో అల్యూమినియం రేకులూ, వాటి నడుమ విద్యుద్విశ్లేష్య ద్రవంలో తడిసిన కాగితమూ ఉంటాయి. వేడికి ఆ ద్రవం మెల్లగా ఎండిపోతుంది. అప్పుడు చెరువు పూడినట్టే. నిలవ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, 5 వోల్టులు వణకడం మొదలవుతుంది. చిప్పు 1ని 0గా, 0ను 1గా చదివి తికమకపడి ఆగిపోతుంది. చూసేవారికి కంప్యూటరు చెడినట్టు కనిపిస్తుంది. నిజానికి చెడింది దానికి అన్నం పెట్టే చెయ్యి!

దీనికీ ఒక లెక్క ఉంది. 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 2,000 గంటలు పనిచేస్తుందని కెపాసిటరుమీద హామీ ఉందనుకోండి. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్ల ఉజ్జాయింపు. 55 డిగ్రీల వద్ద అయిదుసార్లు రెట్టింపు, అంటే 32 రెట్లు, 64,000 గంటలు. నిరంతరం వాడితే ఏడేళ్లు. 45 డిగ్రీల వద్ద 1,28,000 గంటలు, పద్నాలుగేళ్లకు పైగా. పది డిగ్రీల తేడాకు ఏడేళ్ల ఆయుష్షు! ఎండాకాలంలో మన వైపు బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన పెట్టెలోపల ఎంత ఉంటుందో ఊహించండి. గాలి పంకాకు పట్టిన దుమ్ము తుడవడం కూడా వైద్యమే.

చిలుము పట్టిన దారులు

కొన్ని యంత్రాల్లో లిథియం బిళ్లకు బదులు, మళ్లీ మళ్లీ ఛార్జి అయ్యే నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇది ముసలిదైతే కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. అది బోర్డుమీద పాకి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొడిగా పేరుకుంటుంది. వెంట్రుకలంత సన్నగా ఉండే రాగి దారులను తినేస్తుంది. ఇత్తడి బిందెకు పట్టినట్టే ఆకుపచ్చని చిలుము కనిపిస్తుంది.

దీనికి మందేమిటో పదో తరగతి పిల్లలు చెప్పగలరు. క్షారానికి విరుగుడు ఆమ్లం. పలచని వెనిగరులో ముంచిన దూదితో అద్దితే తటస్థీకరణ జరిగి లవణమూ, నీరూ మిగులుతాయి. పేరుకున్న కార్బొనేటు నుంచి బుడగలు వస్తాయి. తరువాత ఆ లవణం మిగలకుండా శుద్ధజలంతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తెగిన దారికి పక్కగా సన్నని తీగ వేసి సోల్డరింగు చేస్తే దారి మళ్లీ కలుస్తుంది.

పని వరుస

అనుభవమున్న మెకానిక్కు ఈ పనులన్నిటినీ ఒక వరుసలో చేస్తాడు. ఆ వరుసలోనే తెలివి ఉంది.

మొదట ప్లగ్గు తీసి, మూత విప్పి, కళ్లతో చూస్తాడు. నెత్తి ఉబ్బిన కెపాసిటర్లు, చిలుము, మాడిన వాసన, ఊడిన తీగలు గమనిస్తాడు. ప్రతి తీగా ఎక్కడిదో ఫోటో తీసి, చీటీ కడతాడు.

రెండోది, శాసన చిప్పులనూ, డిస్కునూ తీసి వేరే యంత్రంలో నకలు తీస్తాడు. దీనికి మిక్సరుకు కరెంటు ఇవ్వనవసరం లేదు.

మూడోది, కరెంటు ఇచ్చే విభాగాన్ని విడదీసి, దాన్ని ఒక్కదాన్నే పరీక్షిస్తాడు. ఇక్కడ మన రేడియో మెకానిక్కుల పాత చిట్కా ఒకటి పనికివస్తుంది. ప్లగ్గుకూ యంత్రానికీ నడుమ ఒక ఫిలమెంటు బల్బును సీరీసులో పెడతారు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది. వోల్టేజి అంతా బల్బే తీసుకుంటుంది కాబట్టి యంత్రం కాలదు. షార్టు లేకపోతే బల్బు ఒకసారి మెరిసి మసకబారుతుంది.

నాలుగోది, వోల్టేజీలు సరిగా ఉన్నాక అన్నీ కలిపి స్విచ్చి వేస్తాడు. కంప్యూటరు మేలుకుంటే పలక జ్ఞాపకంలోని అమరికలను మిడి తీగ ద్వారా బయటికి పంపి దాచుకుంటాడు. మిడి సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది, కాబట్టి ఇది కొద్ది సెకన్ల పని.

అప్పుడు, ఆఖరున, బిళ్ల బ్యాటరీ మారుస్తాడు. కొత్త బిళ్లకు నేరుగా సోల్డరింగు చేయడు, వేడికి అది పగలవచ్చు. బోర్డుకు ఒక గూడు అతికి, బిళ్లను దానిలో ఉంచుతాడు. రాబోయే ఎనిమిదేళ్ల తరువాతి మెకానిక్కుకు పని సులువవుతుంది. మూతలోపల బిళ్ల మార్చిన తేదీ కూడా రాసిపెడతాడు.

కాగితం కాపాడిన పాట

నకలు ఎంత విలువైనదో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1959లో పి.డి.పి.-1 అనే కంప్యూటరును తయారుచేసింది. 1960లలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థి పీటర్ శాంసన్ దానిచేత నాలుగు స్వరాల సంగీతం పాడించాడు. దశాబ్దాల తరువాత, 2000ల తొలి దశకంలో, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో కొందరు కలిసి ఒక పి.డి.పి.-1ను మళ్లీ పనిచేయించారు. వారిలో శాంసన్ కూడా ఉన్నాడు. యంత్రం బాగుపడినా, పాడడానికి పాట ఉండాలి కదా! ఆనాడు కాగితపు టేపుమీద రంధ్రాలుగా వేసిన పాటల సంకేతాలు చెక్కుచెదరలేదు. వాటిని చదివించి, ప్రోగ్రామును మళ్లీ కూర్చి, ఆ కంప్యూటరుచేత తిరిగి పాడించారు. ట్రాన్సిస్టర్లను బాగుచేసినవారు మనుషులే. పాటను కాపాడింది మాత్రం కాగితం.

మీరూ చేసి చూడండి

తీసిన నకలు సరైనదో కాదో తెలిసేదెలా? దానికి చెక్‌సమ్ అనే పద్ధతి ఉంది. పలకమీద ఎనిమిది అంకెలు రాయండి. ఉదాహరణకు 17, 42, 8, 65, 31, 90, 24, 53. అన్నిటినీ కూడితే 330. చివరి రెండు స్థానాలు, 30ని, వేరే చీటీమీద రాసి జేబులో పెట్టుకోండి. మీ స్నేహితుణ్ణి మీకు తెలియకుండా ఒక అంకెను మార్చమనండి. మళ్లీ కూడి చూడండి. 30 రాకపోతే దొంగ దొరికినట్టే! ఈప్రామ్ నకలును సరిచూసేది కూడా ఈ తీరులోనే.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీ స్నేహితుడు ఒక అంకెను 5 పెంచి, ఇంకొక అంకెను 5 తగ్గిస్తే ఈ పద్ధతి పట్టుకుంటుందా? పట్టుకోలేకపోతే, పట్టుకునేలా దీన్ని ఎలా మార్చవచ్చు? అంకె ఏ స్థానంలో ఉందో దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఒక హెచ్చరిక. పలకతో ఎన్ని ప్రయోగాలైనా చేయండి గాని, కరెంటు విభాగం మూత మాత్రం మీరు తీయవద్దు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖరం దాదాపు 325 వోల్టులు. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కెపాసిటరులో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. వాన వెలిసినా చెరువు నిండుగానే ఉంటుంది కదా! ఆ పని తెలిసిన పెద్దవారికి వదిలిపెట్టండి.

మీ ఊరి మైకు సెట్టు దుకాణంలో మూలపడిన డిజిటల్ మిక్సరు ఏదైనా ఉంటే, దాన్ని తూకానికి వేసేముందు దుకాణదారును ఒక్క మాట అడగండి: "లోపలి ప్రోగ్రాముకు నకలు తీశారా, బిళ్ల వోల్టేజి చూశారా?" అని.